డిసెంబరు నెలలో మా కందుకూరు సైకిళ్ళ షాపు

పొగాకు పండే ప్రాంతంలో సైకిళ్ళ షాపు నడిపేవాడికి ఏడాది మొత్తంలో గడ్డు నెల డిసెంబరు. పట్నాలలో క్రిస్మసు నుంచి సంక్రాంతి దాకా కిటకిటలాడే బట్టల దుకాణాలను చూసిన వారికి ఈ మాట వింతగా తోచవచ్చు. మా కందుకూరులో మాత్రం ఆ నెలలో రైతు చేతిలో డబ్బు ఆడదు. అక్టోబరు, నవంబరు నెలల్లో పొగాకు నారు నాటించి, ఎరువులు వేయించి, ఆకును వేడితో ఆరబెట్టే గది అయిన బ్యారన్‌కు కట్టెలు కొనిపెట్టుకుని, ఉన్నదంతా పొలంలో పోసి కూర్చుంటాడు. ఆకు కోయించి, బ్యారన్‌లో కాల్చి, గ్రేడు చేయించి, బేళ్ళు కట్టి అమ్ముకుంటే గానీ పెట్టిన రూపాయి తిరిగి రాదు. అదంతా జరిగేసరికి ఫిబ్రవరి దాటి మార్చి, ఏప్రిలు నెలలు వచ్చేస్తాయి. బడులు తెరిచేది జూనులో కనుక పిల్లల సైకిళ్ళ బేరం అప్పుడు. పెళ్ళికొడుక్కి సైకిలూ, వాచీ, రేడియో పెట్టడం మర్యాదగా చెలామణీ అయిన ఆ రోజుల్లో మాకు గట్టి బేరం పెళ్ళిళ్ళ వల్లనే వచ్చేది; డిసెంబరు సగం నుంచి ధనుర్మాసం కనుక ముహూర్తాలు ఉండవు. వీటన్నిటికీ తోడు మాది ఈశాన్య రుతుపవనాల వాన పడే నేల. రాష్ట్రంలో తక్కిన చోట్ల వానలు వెనకబట్టాక మాకు ముసురు పడుతుంది. బురద రోడ్డు మీద కొత్త సైకిలు నడిపించుకుపోవాలని ఎవరికి ఉంటుంది?

లెక్కల ప్రకారం సంవత్సరాంతం మార్చి 31 అయినా, మా నాయన దృష్టిలో ఏడాది సంక్రాంతితో ముగిసేది. అప్పటికి షాపులో సరుకు ఎంత మిగిలితే అంత నష్టం అని ఆయన లెక్క. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. డిసెంబరు మొదటి వారంలో కంపెనీ మనిషి కొత్త క్యాలెండర్లూ డైరీలూ పట్టుకుని వచ్చి, తన టార్గెట్టు పూర్తి కావడానికి ఇంకొన్ని సైకిలు సెట్లు దించుకోమని బతిమాలేవాడు. దించుకుంటే నాలుగు రూపాయల రాయితీ, ఇంకొంచెం అరువు గడువు దొరికేవి. దించుకోకపోతే జూనులో మనం అడిగిన రంగులు, అడిగిన సైజులు సమయానికి రావేమోనన్న భయం ఉండేది. రెండవ కారణం ఉప్పుగాలి. కందుకూరుకు సముద్రం ఎంతో దూరం లేదు. ముసురు రోజుల్లో వీచే ఆ తేమగాలికి, గోడౌనులో కాగితం చుట్టి పెట్టిన రిమ్ముల మీద కూడా సన్నగా తుప్పు చుక్కలు లేచేవి. కొత్త సైకిలు రిమ్ము మీద ఒక్క చుక్క కనిపించినా కొనేవాడు ధర తగ్గించమంటాడు.

ఈ తరం వారికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. అప్పట్లో సైకిలు షాపుకు సైకిలుగా వచ్చేది కాదు. ఫ్రేములు ఒక కట్ట, మడ్‌గార్డులు ఒక కట్ట, స్పోకులు పెట్టెల్లో, హబ్బులు వేరుగా, టైర్లూ ట్యూబులూ ఇంకెక్కడి నుంచో వచ్చేవి. పంజాబులోని లూధియానా నుంచి హీరో, మద్రాసు పక్కన అంబత్తూరు నుంచి హెర్క్యులెసు, బి.ఎస్.ఎ., హర్యానాలోని సోనీపట్ నుంచి అట్లాసు: ఇవి మా షాపులో నడిచిన పేర్లు. వాటన్నిటినీ విప్పి, వెనక చక్రానికి 40, ముందు చక్రానికి 32 స్పోకులు అల్లి, రిమ్ముకు బెండు తీసి, నిలబెట్టి సైకిలు చేసేది మా ఫిట్టరు. ఆయనను మేము ఫిట్టరు మామ అనే పిలిచేవాళ్ళం. నాయన ఆయనను 'భాయ్' అనేవారు. ఆయన నాయనను 'సేటూ' అనేవాడు. ఒక్క సైకిలు బిగించడానికి ఒక పూట పట్టేది కనుక, అమ్ముడుపోని సైకిలంటే డబ్బుతో పాటు ఆయన కష్టం కూడా గోడకు ఆనుకుని నిలబడినట్లే.

ట్రంకు రోడ్డు మీది పెద్ద ఊళ్ళలో, అంటే కావలిలోనూ ఒంగోలులోనూ, డిసెంబరులో ధరలు దించి బోర్డులు పెట్టే షాపులు ఉండేవి. మనమూ అలాగే చేద్దామని మా చిన్నాన్న ఏటా పట్టుబట్టేవారు. నాయన ఒప్పుకునేవారు కాదు. "డిసెంబరులో దించిన ధరను జూనులో ఎక్కించలేంరా అబ్బాయా. పోయిన నెల వాడికి అంతకిచ్చి నాకు ఇంతకిస్తావా అని మొహానే అడుగుతారు" అనేవారు. ఆయన చెప్పింది నిజమే. కందుకూరు లాంటి ఊళ్ళో ఎవరు ఏ వస్తువు ఎంతకు కొన్నారో రచ్చబండ మీద సాయంత్రానికల్లా తేలిపోతుంది. పైగా సైకిలు మీద మిగిలే లాభం సన్నం. అందులోనే రాయితీ ఇస్తే, బెల్లు, స్టాండు, కారియరు అమ్మి మిగుల్చుకున్నది కూడా అందులోనే కొట్టుకుపోతుంది.

డిసెంబరు బేరానికి ఆయన పట్టుకున్న దారి మరమ్మతు బల్ల నుంచి మొదలైంది. దానికి నాంది 1989 తుఫాను. ఆ ఏడాది నవంబరు 8, 9 తేదీల నడుమ రాత్రి కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మా ప్రాంతాన్ని ఎలా ఊపేసిందో అప్పటి వారెవరూ మరచిపోలేరు. తెల్లవారి చూస్తే చెట్లు అడ్డంగా పడి దారులు లేవు, కరెంటు లేదు, రేకుల షెడ్లకు పైకప్పులు లేవు. బస్సులు తిరగడానికి రోజులు పట్టింది. ఆ రోజుల్లో మనుషులను, పాల క్యాన్లను, బియ్యం మూటలను, మందులను మోసింది సైకిళ్ళే. నీళ్ళలో నానినవీ, గోడ విరిగి మీద పడితే వంగినవీ, బురదలో పూడుకుపోయినవీ అన్నీ మా షాపు ముందు వరుస కట్టాయి. ఆ నెలలో కొత్త సైకిలు కొన్నవారు దాదాపు లేరు. అయినా షాపు తెరిచిన దగ్గర నుంచి పెట్రోమాక్సు దీపం ఆర్పే వరకు పని తెగలేదు.

ఆ మరమ్మతులను దగ్గర నుంచి చూసిన వాడిని కనుక వాటి గురించి కొంచెం వివరంగా రాస్తాను. సైకిలును తలకిందులుగా నిలబెట్టి చక్రాలు రెండూ విప్పేవాళ్ళు. చక్రం నడుమ ఉండే హబ్బుకు బిగించిన కోను అనే మరను విప్పగానే లోపలి నుంచి గ్రీజు రావలసిన చోట పాలు ఎక్కువైన టీ లాంటి చిక్కటి నీళ్ళు కారేవి. గ్రీజులో వాననీరు కలిస్తే అదే రంగు. వెనక చక్రంలో ఒక్కో వైపు తొమ్మిది పావంగుళం బాల్సు, అంటే ఉక్కు గోళీలు, ముందు చక్రంలో అంతకంటే సన్నవి ఒక్కో వైపు పది ఉంటాయి. వాటిని కిరసనాయిలు పోసిన పాత ఈనామిలు పళ్ళెంలో వేసి కడగడం నా పని. కడిగిన బాల్సును ఒక్కొక్కటే వేళ్ళ మధ్య తిప్పి చూడాలి. మెరుపు పోయి గుంట పడిన బాలు ఒక్కటి ఉన్నా దానితో పాటు జతవాటినన్నిటినీ మార్చేయాలని ఫిట్టరు మామ నియమం. అరిగినదానిని ఉంచి కొత్తవి కలిపితే బరువంతా కొత్తవాటి మీదే పడుతుందని ఆయన చెప్పేవాడు. గ్రీజు పూసిన కప్పులో బాల్సు పేర్చి, కోను బిగించి, చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోసి వదిలేవాడు. గాలి కొట్టే వాల్ట్యూబు ఉన్న వైపు బరువు కనుక చక్రం ఆగే ముందు ముందుకూ వెనక్కూ ఊగి, చివరికి వాల్ట్యూబు కిందికి వచ్చి నిలవాలి. అలా ఊగకుండా ఎక్కడో ఒకచోట టక్కున ఆగితే కోను బిగువెక్కువైనట్లు, మళ్ళీ విప్పవలసిందే.

చైను సంగతి వేరు. దానిని రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, పొద్దున గుడ్డతో తుడిచి, పళ్ళ చక్రం మీద వేసి ముందు భాగంలో వేలితో లాగి చూసేవాడు. చైను పళ్ళ మీద నుంచి బాగా పైకి లేస్తే సాగిపోయినట్లు లెక్క. సాగిన చైనుతో నడిపితే పళ్ళు కూడా మొనదేలి, రెండు ఖర్చులు పడతాయి. పెడళ్ళ క్రాంకులను ఇరుసుకు బిగించే కాటరు పిన్నులు కొట్టి తీయడం అన్నిటికంటే కష్టమైన పని. తుప్పు పట్టినవి అంత సులువుగా రావు. కింద ఇటుక ఆసరా పెట్టకుండా సుత్తి వేస్తే ఆ దెబ్బ కప్పుల మీద పడుతుంది కనుక కొత్తగా చేరిన కుర్రాళ్ళను ఆయన ఆ పనికి దగ్గరకు రానిచ్చేవాడు కాదు. అన్నీ విప్పాక ఫ్రేము మిగిలేది. దానిని శుభ్రంగా తుడిచి, గొట్టాలు కలిసే చోటల్లా రంగు పగిలిందేమో చూసి, స్పానరుతో మెల్లగా తట్టి చెవి దగ్గర పెట్టి వినేవాడు.

అసలు విషయం అక్కడే ఉంది. సైకిలు విప్పి ముక్కలుగా పరిచినప్పుడు దాని ఆయుష్షు ఎంతో దాని యజమాని కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. నాయన అతనిని పిలిచి బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒక్కొక్క ముక్కా చేతికిచ్చి చూపించేవారు. "బాబాయ్, దీనికి ఫ్రీవీలు పోయింది, చైను పోయింది, వెనక రిమ్ము పక్కలు అరిగాయి. ఇవన్నీ వేయమంటే వేస్తాను. రెండేళ్ళు నడుస్తుంది. ఫ్రేముకు ఇక్కడ చీలిక వచ్చింది చూడు, మాటు వేయించవచ్చు గానీ మూటలు వేసుకుపోతానంటే నేను హామీ ఇవ్వలేను" అని చెప్పి ఊరుకునేవారు. కొత్తది కొనమని ఆయన నోటితో అనగా నేను వినలేదు. పీట మీద కూర్చున్న మనిషి కాసేపు చీలికను బొటనవేలితో రుద్ది, గోడకు ఆనించిన కొత్త సైకిళ్ళ వైపు చూసి, "అయితే దీన్ని ఎంతకు తీసుకుంటావ్ సేటూ?" అని తనంతట తానే అడిగేవాడు.

ఆ మరుసటి ఏడాది నుంచి దీపావళి వెళ్ళగానే షాపు ముందు పలక మీద సుద్దముక్కతో 'వానల తర్వాత ఓవరాలింగు' అని రాసి పెట్టడం మాకు ఆనవాయితీ అయింది. కూలి డబ్బులు తక్కువగానే ఉంచారు. సామాను ఏది మారిస్తే దాని ఖరీదు. చిన్నాన్న దీనిని మొదట్లో ఎగతాళి చేశారు. కొత్త సైకిళ్ళు అమ్ముకోలేక పాతవి కడుగుతున్నామని ఊరంతా నవ్వుతుందన్నారు. డిసెంబరు ఆఖరుకు గోడ ఖాళీ కావడం చూశాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పాత సైకిళ్ళు తీసుకోవడం ఒక ఎత్తు, వాటిని మళ్ళీ అమ్మడం ఇంకో ఎత్తు. దానికి నాయన దగ్గర వేరే లెక్క ఉండేది. డిసెంబరులో రైతు దగ్గర డబ్బు లేకపోయినా, ఆ రైతు దగ్గర పనికి కుదిరే మనిషి దగ్గర కొంత ఉంటుంది. జనవరి నుంచి బ్యారన్లు రాజుకుంటే రాత్రింబవళ్ళు కాపలా ఉండి కట్టెలు వేసి, వేడి చూసుకునే మనుషులు కావాలి. వాళ్ళను ముందే కుదుర్చుకోవడానికి రైతులు అప్పోసప్పో చేసి డిసెంబరులోనే అడ్వాన్సు ఇచ్చేవారు. ఊరికి దూరంగా పొలాల మధ్య ఉండే బ్యారన్‌కు అర్ధరాత్రి, అపరాత్రి పోవలసిన మనిషికి సైకిలు తప్పనిసరి. అతనికి కొత్తది కొనే తాహతు ఉండదు. ఫిట్టరు మామ గట్టిగా బిగించిన పాత సైకిలు, డైనమో దీపంతో సహా, అతనికి సరిగ్గా సరిపోయేది. ఇలా పాత సైకిలు ఇచ్చి కొత్తది కొన్నవాడు ఒకడు, ఆ పాతది కొన్నవాడు ఇంకొకడు: ఒకే మరమ్మతు నుంచి రెండు బేరాలు పుట్టేవి. వ్యాపారం గురించి తరువాత నేను చదివిన పెద్ద పుస్తకాలలో ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేదు.

వాయిదాల పద్దు పుస్తకం మా అమ్మ చేతిలో ఉండేది. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం. పేజీకి ఒక మనిషి. పేరు, ఊరు, ఏ రైతు బ్యారన్, ఫ్రేము నంబరు, ఇచ్చిన సొమ్ము, రావలసిన సొమ్ము వరుసగా రాసేది. ఆ వివరాల కింద అమ్మ తనకు తోచినవి ఒకటి రెండు మాటలు చేర్చేది: 'పెద్దపిల్ల ఏడో తరగతి', 'తమ్ముడు మిలట్రీ', 'మార్చిలో ఇల్లు కప్పిస్తాడట'. వాటి అవసరం ఏమిటో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఏడో తరగతి పిల్ల హైస్కూలుకు వచ్చే ఏడు నాయన ఆ తండ్రి కనబడినప్పుడు పిల్ల చదువు గురించి తప్పక అడిగేవారు. పల్లె నుంచి హైస్కూలుకు నడిచే దూరం ఎంతో ఇద్దరికీ తెలుసు కనుక, సైకిలు మాట వేరే ఎత్తనక్కరలేకపోయేది.

మొండి బకాయిలు లేకపోలేదు. శనివారం కూలి చేతికి అందినా ఇంటికి చేరే దారిలో సారా దుకాణం ఉండేది, అక్కడ సగం పోయేది. వాయిదా వసూలుకు ఆదివారం పొద్దున వెళితే ఆ ఇంటి ఇల్లాలు తలుపు దగ్గర నిలబడి మౌనంగా చూసేది. నాయన వట్టి చేతులతో తిరిగి వచ్చేవారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన వార్తలు మా ఊరికి వచ్చినప్పుడు అమ్మ పేపరును మడతపెట్టి దాచుకుంది. ఉద్యమం జిల్లాలు దాటి పాకి, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ తరువాత వచ్చిన డిసెంబరు మా షాపు చరిత్రలోనే మంచి డిసెంబరు. పాత వాయిదాలు చాలావరకు వసూలయ్యాయి. తెచ్చి ఇచ్చింది మగవాళ్ళు కాదు, వాళ్ళ భార్యలు. నిషేధం వల్ల ఏమీ ఒరగలేదని తరువాత వాదించిన వారు నాకు చాలామంది తగిలారు. ఆ ఎర్ర అట్ట పుస్తకం చూసిన వాడిని కనుక వాళ్ళతో నేను ఏకీభవించలేను.

చీటీ పద్ధతి కూడా కొన్నాళ్ళు నడిపారు. నెలనెలా ఇంత అని కట్టడం, నెలకొకరి పేరు తీసి సైకిలు ఇవ్వడం. మొదటి నెలల్లో పేరు వచ్చిన వాళ్ళు తరువాత కట్టడం మానేస్తే వాళ్ళ చుట్టూ తిరగలేక దానిని ఎత్తేశారు.

క్రిస్మసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషనువారు పందొమ్మిదో శతాబ్దంలోనే స్థిరపడి, జూవెట్, క్లౌ దొరల కాలం నుంచి పల్లెపల్లెకూ చర్చి, బడి పెట్టిన ప్రాంతం కనుక మా చుట్టుపక్కల క్రిస్మసు పెద్ద పండుగ. టీచర్లు, నర్సులు, పోస్టుమ్యాన్లు, రైల్వేలో పనిచేసేవారు ఆ కుటుంబాలలో చాలామంది ఉండేవారు. వాళ్ళకు పొగాకుతో నిమిత్తం లేదు. ఒకటో తేదీకి జీతం వస్తుంది. కానీ పండుగకు కొత్త బట్టలే కొనడం వాళ్ళ అలవాటు, సైకిలు ఊసు ఉండేది కాదు. ఈ అలవాటును మార్చింది నాయన కాదు, ఫిట్టరు మామ. సాయిబు అయిన ఆయన ఒక ఏడాది చిన్న సైకిలు ఒకదానిని బిగించి, హ్యాండిలు పిడులకు ప్లాస్టిక్ కుచ్చులు, హబ్బులకు ఎరుపు పసుపు రంగుల బ్రష్షులు, స్పోకుల మధ్య రంగు పూసలు, మడ్‌గార్డు చివర నక్షత్రం వేలాడదీసి, షాపు ముందు తాడుతో ఎత్తుగా కట్టాడు. సాయంత్రం ప్రార్థనకు వెళ్ళే పిల్లలు ఆ నక్షత్రం దగ్గర ఆగిపోయేవారు. పిల్లలు ఆగితే తల్లులు ఆగుతారు.

డిసెంబరు 24 రాత్రి షాపు పొద్దుపోయేదాకా తెరిచి ఉండేది. పిల్లవాడికి తెలియకుండా సైకిలు ఇంటికి చేర్చాలి; ముందే చెబితే సరదా పోతుంది. నేనూ మా తమ్ముడూ ఒకరు ఒక సైకిలు తొక్కుకుంటూ, రెండో చేత్తో ఇంకో సైకిలు హ్యాండిలు పట్టుకుని నడిపించుకుంటూ చీకట్లో బయల్దేరేవాళ్ళం. బెల్లు మోగకుండా దాని మీద గుడ్డ చుట్టేవాళ్ళం. ఒక టీచరమ్మ గారి ఇంట్లో వంటింటి వెనక బియ్యం బస్తాల చాటున దాచి వచ్చిన సైకిలు నాకు బాగా గుర్తు. తెల్లారి ఆమె కొడుకు దానిని కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుకుంటూ చర్చికి వస్తుంటే, వీధి పిల్లలంతా వెంట పరిగెత్తారు. సంక్రాంతి లోపల ఆ వీధి నుంచే మూడు బేరాలు వచ్చాయి. హిందువుల సైకిళ్ళకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొట్టి పంపే నాయన, క్రిస్మసు సైకిళ్ళకు మాత్రం ఒక బుడగ కట్టి, పిల్లవాడి పేరు పెయింటరు చేత చైను కవరు మీద రాయించేవారు. అక్షరానికి ఇంత అని పెయింటరుకు ఇవ్వాలి కనుక పొడుగు పేర్ల పిల్లల విషయంలో ఆయన కొంచెం గొణుక్కునేవారు.

ఆడపిల్లల సైకిళ్ళు అమ్మ చలవ. కడ్డీ లేని లేడీసు సైకిళ్ళు షాపులో ఒకటో రెండో ఉండేవి గానీ కొనేవారు లేరు. ఆడపిల్ల సైకిలు ఎక్కితే నలుగురూ నవ్వుతారన్న బెరుకు కంటే, ఎక్కడ నేర్చుకోవాలన్నదే పెద్ద చిక్కు అని అమ్మ కనిపెట్టింది. మా ఇంటి వెనక ప్రహరీ ఉన్న ఖాళీ స్థలం ఉండేది. అద్దెకిచ్చే సైకిళ్ళలో ఒకదానికి సీటు బాగా కిందికి దించి, పొగాకు గ్రేడింగు పనికి పోయే అమ్మాయిలను సాయంత్రం అక్కడికి రమ్మనేది. అద్దె తీసుకునేది కాదు. పరికిణీ చైనులో పడకుండా చుట్టుకునే పద్ధతి తానే చెప్పేది. తాను మాత్రం ఎప్పుడూ తొక్కలేదు. నేర్చుకున్న అమ్మాయిలలో కొందరు కూడబెట్టుకుని సంక్రాంతికి సొంత సైకిలు కొనుక్కున్నారు. బి.ఎస్.ఎ. లేడీబర్డు వచ్చాక ఆ బేరం ఇంకా ఊపందుకుంది. దాని ముందు బుట్ట చూసి మగపిల్లలు కూడా అసూయ పడిన మాట వాస్తవం.

1985లో పొగాకు బోర్డు మన రాష్ట్రంలో వేలం పాటలు మొదలుపెట్టాక రైతు సొమ్ముకు కొంత లెక్కాపత్రం ఏర్పడింది గానీ, ఆ సొమ్ము వచ్చే నెలలు మారలేదు. డిసెంబరు గడ్డుగానే ఉండిపోయింది. మారింది రైతు కోరిక. టి.వి.ఎస్. 50, ఆ తరువాత ఎక్స్ఎల్ బండ్లు వచ్చి, రెండు పాల క్యాన్లు, ఒక గడ్డిమోపు, వెనక భార్య, అన్నిటినీ మోస్తూ కంకర రోడ్ల మీద పరిగెత్తడం మొదలుపెట్టాక పెద్దల సైకిళ్ళ బేరం ఏటికేడాది కిందికి జారింది. పెళ్ళికొడుకులు సైకిలు మాట వింటే నొచ్చుకునే రోజులు వచ్చాయి. నాయన దీనికి పెద్దగా బాధపడినట్లు నాకు కనిపించలేదు. బ్యారన్ కాపలా మనిషి అర్ధరాత్రి తొక్కుకుంటూ పోవడంలో గొప్పేమీ లేదు, బండి మీద పోతే మంచిదే కదా అనేవారు.

ఆయన షాపు నుంచి తప్పుకున్నాక మేమెవ్వరం దానిలోకి దిగలేదు. ఫిట్టరు మామ కొడుకు తీసుకున్నాడు. 2020 జూను 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాదులోని అట్లాసు కర్మాగారం మూతపడిన వార్త చూసి నేను అతనికి ఫోను చేస్తే, అతను ఆ సంగతి పక్కన పెట్టి, లాక్‌డౌను తరువాత గేరు సైకిళ్ళు అడుగుతున్నారనీ, సరుకే దొరకడం లేదనీ వాపోయాడు. 1970లో నెల్లూరు జిల్లా నుంచి విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపిన మా కందుకూరును 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాకే పంపారు. బిల్లు పుస్తకాల మీద జిల్లా పేరు మార్చి అచ్చు వేయించడం తప్ప దానివల్ల తనకు ఒరిగిందేమీ లేదంటాడు అతను.

ఇప్పుడు అతని డిసెంబరు బేరమంతా పిల్లల సైకిళ్ళదే. అవి పెట్టెల్లో మూడు వంతులు బిగించే వస్తాయి. పిల్లవాడి కాలు పొడవు చూసి 12, 14, 16, 20 అంగుళాల చక్రాలలో ఏది సరిపోతుందో అతను చెబుతాడు. రెండేళ్ళు వస్తుందని తల్లిదండ్రులు ఒక సైజు పెద్దది అడుగుతారు. ఈ గొడవ మా కాలంలోనూ ఉండేది. రాయితీ బోర్డు అతను పెడతాడు, పెట్టక తప్పదంటాడు, ఫోనులో ధర చూసుకుని వచ్చేవాడితో బేరం వేరు అంటాడు. ఓవరాలింగు మాత్రం మానలేదు. పాలవాళ్ళవీ, ఇంకా సైకిలే నమ్ముకున్న పేపరు కుర్రాళ్ళవీ, వానలు వెళ్ళాక వరసగా వస్తాయట. కూలి ఎంత తీసుకుంటున్నావని అడిగాను. చెప్పాడు. మరీ తక్కువ కదరా అన్నాను. "తక్కువ కాబట్టే వస్తున్నారన్నా, వచ్చినోళ్ళు ఉత్త చేతుల్తో పోరు" అని అక్కడితో ఆపి, ఎవరో బేరం వచ్చారని ఫోను పెట్టేశాడు.